పాత బొమ్మ ఇంజనుకు గొంతు

రేడియో నాటకములను శ్రద్ధగా వినువారికి రైలుబండి రాకపోకలు క్రొత్తవి కావు. నాయకుడు స్టేషనులో నిలిచియుండును. దూరమున కూత వినబడును. అంతలో ఆవిరి ఊర్పులతో బండి వచ్చి ఆగును. ధ్వనిముద్రణలు విరివిగా దొరకని దినములలో స్టూడియోలో ఈ బండిని నడిపినది రెండు కొయ్యముక్కలకు అంటించిన గరుకు కాగితము. వడ్రంగులు ఉప్పుకాగితమని పిలుచు ఆ కాగితమును ఒకదానిపై నొకటి లయగా రుద్దినచో వినువాని చెవికి ఇంజను కదలి వచ్చెడిది. అక్కడ చప్పుడు ఎంత నిజమైనదని ఎవరును పరీక్షింపరు. వినబడవలసిన క్షణమున వినబడినదా లేదా అనునదే చెవి చూచుకొనును. ఈ సంగతిని మనస్సున నుంచుకొని, నేటి ప్రసంగమున మేము బొమ్మ రైలు ఇంజనులను గూర్చి ముచ్చటింపదలచితిమి.

బొమ్మ యనగా పసిపిల్లలు త్రాడు కట్టి లాగు బొమ్మ కాదు. నిజమైన ఇంజనును కొలత తప్పకుండ తగ్గించి, పట్టాలలో ప్రవహించు విద్యుత్తుతో నడుచునట్లు చేసిన నమూనా. బ్రిటనులో ప్రచారమున నున్న కొలత 76వ వంతు; అమెరికాలోను, ఐరోపా ఖండములోను 87వ వంతు. ఆశ్చర్యమేమనగా రెండింటికిని పట్టాల నడుమ దూరము 16.5 మిల్లీమీటర్లే. ఆ దేశములలో ఇది పిల్లలకంటె పెద్దలకే ఎక్కువ వినోదము. తండ్రి కొన్న ఇంజను కుమారునకును, కుమారునినుండి మనుమనికిని దక్కుట సామాన్యము. 1950 మొదలు 1970 దాటువరకు తయారైన ఇంజనులు నేటికిని అటకలపై అట్టపెట్టెలలో ఉన్నవి; పాతవస్తువుల సంతలలో చౌకగా దొరకుచున్నవి. ఉద్యోగరీత్యా ఆ దేశములకు పోయిన మన వారి పిల్లల చేతికిని ఇవి వచ్చుట సహజమే.

ఈ పాత ఇంజనులకు ఒక లోటు: అవి మూగవి. మోటారు గుయ్యిమనుట తప్ప మరియొక మాట లేదు. క్రొత్త ఇంజనులన్ననో కూత కూయుచు, ఆవిరి బుసకొట్టుచు, బొగ్గు ఎగవేయు పార చప్పుడుతో సహా అంగళ్ళకు వచ్చుచున్నవి. వాని వెల అధికము. ఇంటనున్న పాత ఇంజనుకే స్వల్పవ్యయముతో గొంతు నియ్యరాదా యని అడుగువారు అందుచేత పెక్కురు. ఇయ్యవచ్చును. కాని సొమ్ము ఎక్కడ పెట్టవలెను, ఎక్కడ మిగుల్చుకొనవలెను అనుటలో చాలమంది త్రోవ తప్పుచున్నారు. గొప్ప వెల పెట్టి ధ్వనిపరికరమును కొని, దానిని ఏదో యొక స్పీకరునకు తగిలించి, ఆ స్పీకరునకు పెట్టె కట్టక, చివరకు రేకుడబ్బా మోగినట్లున్నదని విచారింతురు. పరికరమునకు చోటు చేయుటకై ఇంజను లోపలి లోహపు దిమ్మెను రంపముతో కోసివేయువారు కూడ కలరు. ఆ దిమ్మె బరువు వలననే చక్రములు పట్టాలను పట్టుకొనును. అది పోయిన పిమ్మట గొంతు వచ్చిన ఇంజను నాలుగు పెట్టెలను లాగలేక చక్రములు జారుచు నిలిచిపోవును. తాతనాటి వస్తువు ఇక తాతనాటి స్థితికి రాదు.

గొంతు నియ్యవలెనను కోరిక నేటిది కాదు. అమెరికాలో లయొనెల్ సంస్థ 1935లో కూత కూయు బండిని అమ్మకమునకు పెట్టెను. అది ధ్వనిముద్రణ కాదు, నిజమైన ఈల. ఇంజను వెనుకనుండు బొగ్గునీళ్ళ బండిని టెండరు అందురు. ఆ టెండరులో చిన్న మోటారు ఒక గాలిచక్రమును త్రిప్పును. ఆ గాలి ఈల గదులలో దూరి కూయును. దానిని పలికించు ఉపాయము మరింత చమత్కారమైనది. ఆ రైలు ఏసీ విద్యుత్తుతో నడుచును. ఆడువారు మీట నొక్కగనే ఆ ఏసీతో కొంత డీసీ కూడ కలిసి పట్టాలలో పాఱును. టెండరులోని రిలే ఏసీకి చలింపదు. డీసీ తగిలిన చలించి ఈల మోటారును కలుపును. ఇంజను నడక ఆగనక్కరలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికన్ ఫ్లయర్ బండ్లలో చిన్న పిస్టనొకటి గాలిని నెట్టి పొగను, దానితోపాటు ఊర్పు చప్పుడును వెలువరింపజొచ్చెను. ఇక బ్రిటనులో 1970 దశకమున హార్న్‌బీ ఇంజనులలో కొన్నింటి టెండర్లలో ఏమి పెట్టిరో శ్రోతలు ఊహింపగలరు: అదే గరుకు కాగితము. ఇరుసు తిరిగినపుడెల్ల ఒక రేకు దానిపై గీచుకొని చప్పుడు చేయును. వినుటకు ముతకయే. కాని బండి మెల్లగా పోయిన చప్పుడు మెల్లగను, వడిగా పోయిన వడిగను వచ్చును. బండి నిలిచిన తానును నిలుచును. వెలగల పరికరములు కొన్ని ఈ ఒక్క పనిని సరిగా చేయలేకపోవుచున్నవి.

ఆవిరి ఇంజను పలుకునది ఏమి? సిలిండరులో పిస్టను ముందునకు పోవునపుడొకసారి, వెనుకకు వచ్చునపుడొకసారి, పని ముగిసిన ఆవిరి పొగగొట్టముగుండ ఎగజిమ్మబడును. ఇరుప్రక్కల రెండు సిలిండర్లున్న ఇంజనుకు పెద్దచక్రము ఒక చుట్టు తిరుగులోపల నాలుగు ఊర్పులు వినబడును. మూడు సిలిండర్లున్నచో ఆరు. నాలుగున్నచో లెక్క ప్రకారము ఎనిమిది కావలెను గాని, సామాన్యముగా అవి జంటలు జంటలుగా కలిసిపోవుటచే చెవికి నాలుగే వినబడును. బ్రిటనులో సదరన్ రైల్వేవారి లార్డ్ నెల్సన్ తరగతి ఇంజనులలో మాత్రము క్రాంకుల అమరిక వేరగుటచే ఎనిమిదియు విడివిడిగా వినబడెడివి.

ఉదాహరణమునకు ఒక ఇంజనును ఎన్నుకొందము. 1933లో క్రూ కర్మాగారమున తయారైన ప్రిన్సెస్ ఎలిజబెత్ నాలుగు సిలిండర్ల ఇంజను. 1936 నవంబరు 16న అది లండనునుండి గ్లాస్గోవరకు 401 మైళ్ళను ఎచ్చటను ఆగక ఆరు గంటలలోపుననే దాటినది. దాని బొమ్మను 1950లో రోవెక్స్ అను సంస్థ తయారుచేసెను. తరువాత అదియే ట్రయాంగ్ పేరుతో వేలకొలది ఇండ్లకు చేరినది. నేడు సంతలో చౌకగా దొరకు పాత ఇంజనులలో ఇదియొకటి. నిజమైన ప్రిన్సెస్ పెద్దచక్రము అడ్డుకొలత ఆరడుగుల ఆరంగుళములు. గంటకు 10 మైళ్ళ వేగమున సెకనుకు దాదాపు మూడు ఊర్పులు. 60 మైళ్ళ వేగమున సెకనుకు 17. మూడు సిలిండర్ల ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అదే 60 మైళ్ళ వేగమున సెకనుకు 25 ఊర్పులు విడుచును. అంత వేగమున ఊర్పులు ఊర్పులుగా వినబడక ఒక్కటే హోరగును. కావున బొమ్మకు గొంతు పెట్టువారు జాగ్రత్త పడవలసినది మెల్లని నడకలో. స్టేషను విడుచునపుడు, బరువు లాగి ఎక్కము ఎక్కునపుడు, ఊర్పును చెవి లెక్కపెట్టగలదు. చక్రమును కన్ను చూడగలదు. రెండును పొసగకున్న మొత్తము వేషము బయటపడును.

ఇక పనిలోనికి దిగుదము. ధ్వనిపరికరమును కొనకముందే పాత మోటారు ఆరోగ్యమును చూచుకొనవలెను. ట్రయాంగ్ ఇంజనులలో విరివిగా వాడినది ఎక్స్ 04 అను మోటారు. మొండి ప్రాణము, ఏబదియేండ్లు మూలపడియుండి, ఒక చుక్క నూనె వేయగనే తిరుగు మోటారు అది. కాని దానికి రెండు దోషములు కలవు. ఏండ్లు గడచినకొలది దాని అయస్కాంతము బలహీనపడును. అయస్కాంతము బలహీనపడినకొలది మోటారు ఎక్కువ విద్యుత్తును మ్రింగును. ఇంజనును పట్టాలపై నుంచి, 12 వోల్టులు పెట్టి, చక్రములను క్షణకాలము చేతితో నిలిపి అమ్మీటరు చూడవలెను. ముల్లు ఒక ఆంపియరును దాటినచో సామాన్య డీకోడరు ఆ మోటారుచేత కాలిపోవును. చౌక డీకోడర్లలో కొన్ని ఎడతెగక భరింపగలది అర ఆంపియరే. ఇట్టిచోట పరికరమును మార్చుటకంటె అయస్కాంతమును మార్చుట మేలు. నేడు దొరకు నియోడిమియము అయస్కాంతపు ముక్కలు చిన్నవి, చౌకైనవి, ఎంతో బలమైనవి. పాత అయస్కాంతమును తీసి దాచి, ఆ స్థానమున ఇనుప ముక్కతోపాటు వీనిని అమర్చినచో మోటారు తక్కువ విద్యుత్తుతో నెమ్మదిగా, నిలకడగా తిరుగును. మా అభిప్రాయమున పాత ఇంజనుపై పెట్టు మొదటి ఖర్చు ఇదే కావలెను.

రెండవ దోషము విద్యుత్తు త్రోవను గూర్చినది. పాత ఇంజనులలో ఒక పట్టా విద్యుత్తు లోహపు చట్రముగుండనే మోటారునకు చేరును. డీకోడరు పెట్టినపుడు ఇట్లుండరాదు. పట్టాలనుండి వచ్చునది మొదట డీకోడరునకు చేరి, దానినుండియే మోటారునకు పోవలెను. నడుమ ఎక్కడనైనను మోటారు చట్రమును తాకినచో డీకోడరు ప్రాణము ఆ క్షణముననే పోవును. ఎక్స్ 04లో ఈ మరమ్మతు కారుచౌక. రెండు బ్రష్షులను పట్టియుంచు స్ప్రింగు చేతులలో ఒకదానికి విద్యుత్తు పాఱని చిన్న గొట్టము తొడిగియుండును, రెండవదానికి ఉండదు. ఆ రెండవ చేతికిని అట్టి గొట్టమొకటి తొడిగి, బ్రష్షునకు వేరుగ తీగ తగిలించిన చాలును. అమెరికాలో అదే కాలమునాటి ఆథర్న్ డీజెలు ఇంజనులలోనైతే మోటారు అడుగునున్న ఇత్తడి పట్టీ చట్రమును తాకును. అక్కడ పట్టీకి తీగ అతికి, చట్రముపై విద్యుత్తు పాఱని పట్టీనంటింపవలెను. తరువాత మీటరుతో పరీక్షించి, మోటారునకు చట్రమునకు నడుమ ఏ సంబంధమును లేదని తేల్చుకొనిన పిదపనే డీకోడరు పొట్లము విప్పవలెను.

డీకోడరు అను మాటను ఇంతవరకు వివరింపక వాడితిమి. పాత పద్ధతిలో పట్టాలలోని వోల్టేజియే ఇంజనుకు ఆజ్ఞ. వోల్టులు పెంచిన పరుగెత్తును, తగ్గించిన నెమ్మదించును, తీసివేసిన నిలుచును. నిలిచిన ఇంజనుకు విద్యుత్తు లేదు. విద్యుత్తు లేనిచో గొంతు లేదు. ధ్వని డీకోడరు మేల్కొనుటకే ఐదారు వోల్టులు కావలెను. ఆ వోల్టులకు ఇంజను అప్పటికే సాగిపోవుచుండును. స్టేషనులో నిలిచి ఆవిరి బుసలు కొట్టుట, కూత కూసి కదలుట అను సొగసంతయు అందులో పోవును. 1990 దశకమున అమెరికాలోని జాతీయ నమూనా రైల్వే సంఘమువారు ప్రమాణముగా స్వీకరించిన అంకెల పద్ధతిలో పట్టాలకు ఎల్లప్పుడును పూర్తి వోల్టేజి ఉండును. ఆజ్ఞ ఆ విద్యుత్తులోనే ఇమిడియుండును. విద్యుత్తు దిశ మారుటకు పట్టిన కాలము పొట్టిదైన ఒక అక్షరము, పొడుగుదైన మరియొక అక్షరము. పొట్టిది సెకనులో పదిలక్షవవంతులు 58, పొడుగుది నూరు. ప్రతి ఇంజనుకు ఒక సంఖ్య. తన సంఖ్య పిలిచినపుడే ఆ ఇంజనులోని డీకోడరు పలుకును. తంతిశాఖవారి చుక్కగీత భాష ఎఱిగిన వారికి ఇది వింత కాదు.

పూర్తి హంగులుగల ధ్వని డీకోడరు బ్రిటనులో 100 పౌండ్ల ప్రాంతమున నుండును. హార్న్‌బీవారు కొంతకాలము అందులో సగముకంటె తక్కువకు ఒక రకమును అమ్మిరి. దానిలో చప్పుళ్ళ సంఖ్య తక్కువ, మోటారును నడుపు నేర్పును తక్కువ. ఐనను ఆ వెలకు అది అన్యాయము కాదు. 2023లో వచ్చిన వారి మరియొక రకము జేబులోని ఫోనునుండియే బ్లూటూతు ద్వారా ఆజ్ఞలు గైకొనును. నడుపు యంత్రమును వేరుగ కొననక్కరలేకుండుట చిన్న సంసారములకు మేలు.

అంత వ్యయమును వలదనువారికి ఇంకొక మార్గము కలదు. గొంతును ఇంజనులో పెట్టనే వలదు. పట్టాలు పరచిన బల్ల క్రింద పెట్టవచ్చును. ఇంట మూలపడియున్న స్పీకరు, ఒక పాత ఫోను, రైలు చప్పుళ్ళ ముద్రణ యొకటి ఉన్నచో ఖర్చు దాదాపు లేదు. స్టేషను జనసమ్మర్దము, దూరపు కూత, బండి వంతెన దాటు చప్పుడు ఇట్టివానికి ఈ మార్గము చాల బాగుండును. మంద్రస్వరములు ఏ దిక్కునుండి వచ్చుచున్నవో మన చెవి సరిగా పోల్చలేదు. కావున బల్ల క్రిందనుండి వచ్చిన గంభీరధ్వనిని ఇంజనుదే యని నమ్మును. ఊర్పులకు మాత్రము ఈ మార్గము పనికిరాదు. ఇంజను నిలిచిన పిమ్మటను బల్ల ఊర్పులు విడుచుచున్నచో చిన్నపిల్లవాడు కూడ నవ్వును.

మాకు మిక్కిలి నచ్చిన మార్గము మరియొకటి. డీకోడరును స్పీకరును ఇంజను వెనుక తగిలించు గూడ్సుపెట్టెలో నుంచుట. ధ్వని మాత్రమే పలికి మోటారు జోలికి పోని డీకోడర్లు అంగళ్ళలో కలవు. ఇంజనులో చిన్న సాధారణ డీకోడరుండును. రెండింటికిని ఒకే సంఖ్య నిచ్చినచో ఒకే ఆజ్ఞకు రెండును పలుకును. పెట్టెలో చోటు పుష్కలము. ఇంజనులో కోత లేదు. ఒకే పెట్టెను సంఖ్య మార్చి ఇంటనున్న ఒకే జాతి ఇంజనులన్నింటికిని తగిలింపవచ్చును. తాత ఇచ్చిన ఇంజను తాత ఇచ్చినట్లే ఉండును. గొంతు ఇంజనులో కాక నాలుగంగుళముల వెనుకనుండి వచ్చుట దోషమనువారున్నారు. మూడడుగుల దూరమున కూర్చున్న వానికి ఆ తేడా తెలియదు.

స్పీకరు సంగతి ఇప్పుడు చెప్పవలెను. మన పెద్దల ఇండ్లలోని వాల్వు రేడియోను ఎవరైనను విప్పి చూచియుండినచో ఈ ప్రయోగము జ్ఞాపకముండును: పెట్టెలోనుండి స్పీకరును ఊడదీసి చేత పట్టుకొనిన వెంటనే పాట సన్నబడిపోవును. స్పీకరు పొర ముందునకు కదలినపుడు ఎదుటి గాలిని నెట్టును, వెనుక గాలిని లాగును. ఈ నెట్టుడు, ఆ లాగుడు అంచు చుట్టును కలిసికొని ఒకదాని నొకటి చంపుకొనును. మంద్రస్వరములు ముందుగా చచ్చును. కొయ్యపెట్టె వాని నడుమ గోడగా నిలుచుటచే రేడియోకు ఆ గంభీరత వచ్చెడిది. బొమ్మ ఇంజనుకును ధర్మము ఇదే. పెట్టెలేని వెలగల స్పీకరుకంటె పెట్టెగల చౌక స్పీకరు నూరురెట్లు మేలు.

అదృష్టవశమున మంచి స్పీకర్లు నేడు చౌకయే. జేబుఫోనులకొఱకు లక్షలకొలది తయారగు నలుచదరపు స్పీకర్లు సుమారు 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. ఈ అభిరుచిగలవారు వానిని చక్కెరబిళ్ళలని ముద్దుగా పిలుచుదురు. పలుచని ప్లాస్టిక్కు రేకును కోసి, నాలుగు గోడలు, ఒక మూత కట్టి, స్పీకరు వెనుకభాగమును పూర్తిగా మూయవలెను. లోతు ఎంత దొరకిన అంత మంచిది. సెంటీమీటరుకు తగ్గినను పని జరుగును. ముఖ్యమైనది గాలి చొరకుండుట. తీగలు బయటికి వచ్చు రంధ్రమును కూడ జిగురుతో పూడ్చవలెను. ధ్వని మోగుచుండగా అంచులను వ్రేలితో నొక్కి చూచినపుడు చప్పుడు మారినచో అక్కడ సందున్నదని గుర్తు. ఈ ఒక్క సాయంకాలపు పనికి పట్టు ఖర్చు అత్యల్పము. దానివలన కలుగు లాభము, డీకోడరుపై రెట్టింపు సొమ్ము పోసినను రాదు. ఎనిమిది ఓముల స్పీకర్లను రెండింటిని సమాంతరముగా కలిపిన నాలుగు ఓములగును. డీకోడరుతో వచ్చిన కాగితమున నాలుగు ఓములకు అనుమతి యున్నదో లేదో చదివిన తరువాతనే అట్లు చేయవలెను. ప్రిన్సెస్ టెండరు లోపల బోలుగా నుండును గనుక పెట్టె అందులో పట్టును. బొగ్గు కుప్పకు రంధ్రములు పొడువక స్పీకరు ముఖమును క్రిందికి త్రిప్పిన మంచిది. ధ్వని చక్రముల సందులనుండి వెలువడును.

అదే టెండరులో మరియొక మేలు చేసికొనవచ్చును. పాత ఇంజను ఒకటి రెండు చక్రముల ద్వారానే విద్యుత్తును అందుకొనును. మురికి తగిలి అది క్షణకాలము తెగినను మోటారు వేగము దానిని దాటించును. గొంతు మాత్రము తెగి మరల మొదటినుండి ఆరంభమగును. టెండరు ప్లాస్టిక్కు చక్రములను తీసి లోహపు చక్రములను వేసి, సన్నని కంచు తీగలతో వానినుండియు విద్యుత్తు అందుకొనునట్లు చేయవలెను. తుడుచు గుడ్డ, ఓపిక ఉన్నచో కెపాసిటరుతో పని లేదు. కొనగలవారు కొనవచ్చును.

ఏ గొంతు పెట్టవలెననునది మిగిలినది. ఇందులో మాకు కొంత పట్టుదల కలదు. బ్రిటిషు రైల్వేలో ఆవిరి ఇంజనుల క్రమసర్వీసు 1968 ఆగస్టులో ముగిసినది. మన దేశపు బ్రాడుగేజిపై 1995లో ముగిసినది. నేటి బాలురలో చాలమందికి ఆవిరి ఇంజను గొంతు తెలిసిన, ఇట్టి బొమ్మల వలనను, ధ్వనిముద్రణల వలననుమాత్రమే తెలియవలెను. బ్రిటనులో పీటర్ హ్యాండ్‌ఫర్డ్, అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ అనువారు 1950 దశకమున రాత్రులు పట్టాల ప్రక్కన యంత్రములు మోసికొనిపోయి, ఆ ఇంజనుల గొంతులు అణగిపోకముందే పట్టి దాచిరి. హ్యాండ్‌ఫర్డ్ చలనచిత్ర శబ్దగ్రాహకుడు. తరువాత ఆస్కారు బహుమానమును పొందినవాడు. అట్టివారి శ్రమను ఎఱిగిన పిమ్మట మూడు సిలిండర్ల స్కాట్స్‌మన్‌కు నాలుగు ఊర్పుల గొంతు పెట్టి ఊరకుండుట మాకు మనసొప్పదు. చౌక అనునది అబద్ధమునకు మరియొక పేరు కానక్కరలేదు. కొనునపుడే తన ఇంజనుకు ఎన్ని సిలిండర్లో చెప్పి, తగిన గొంతు నడిగిన, వెల అదే.

డీజెలు విషయమున ఇది మన వారికి కలసివచ్చును. 1962నుండి మన దేశమునకు వచ్చిన డబ్ల్యుడియం 2 ఇంజను అమెరికాలోని ఆల్కో సంస్థ రూపొందించినది. దానిలోనిది పదునారు సిలిండర్ల 251 రకపు యంత్రము. కాజీపేట, గుత్తి షెడ్లలో దశాబ్దములపాటు వరుసగా నిలిచిన ఇంజనులవి; స్టేషనులో నిలిచియున్నప్పుడు వాని తడబాటు నడక గొంతును ఆ ఊళ్ళవారు మరువలేరు. అదే 251 యంత్రము గొంతుతో అమెరికను ఆల్కో ఇంజనులకొఱకు డీకోడర్లు అమ్ముచున్నారు. కాజీపేట బండిని నమూనాగా కట్టుకొనువాడు వేరుగ ధ్వనిముద్రణ చేయింపనక్కరలేదు. కూత మాత్రము మనది వేరు. దానిని చూచి ఎన్నుకొనవలెను.

అమరిక ముగిసిన తరువాత మొదట చేయవలసినది ధ్వనిని తగ్గించుట. తయారుచేసినవారు డీకోడరును అంగడిలో కొనువాని చెవిని లాగుటకై మిక్కిలి బిగ్గరగా పెట్టి పంపుదురు. రెండడుగుల దూరమునుండి 76వ వంతు ఇంజనును చూచుట, నూటయేబది అడుగుల దూరమునుండి నిజమైన ఇంజనును చూచుటతో సమానము. అంత దూరమున అది ఎట్లు వినబడునో అట్లే ఉండవలెను. ఇంజను ప్రక్కన నిలిచినట్లు కాదు. ఇంటివారు వేరొక గదిలో రేడియో వినుచున్నచో ఈ తగ్గింపు మరింత అవసరము.

పిమ్మట ఊర్పును చక్రమునకు కట్టవలెను. పెద్దచక్రపు ఇరుసుకు నాలుగు గుర్తులుగల చిన్న బిళ్ళను తొడిగి, అవి తగిలినపుడెల్ల ఊర్పు వచ్చునట్లు డీకోడరునకు తీగ ఇచ్చుట ఉత్తమమైన మార్గము. టెండరు ఇరుసుకు దీనిని తొడుగరాదు. ఆ చక్రములు చిన్నవి గనుక లెక్క తప్పును. డీకోడరులో అట్టి తీగకు చోటు లేనిచో, దానిలోని అంకెలను మార్చి ఊర్పుల వడిని దిద్దవలెను. పెద్దచక్రపు అంచున సుద్దతో ఒక చుక్క పెట్టి, ఇంజనును వీలైనంత మెల్లగా నడుపవలెను. చుక్క క్రిందికి వచ్చినపుడు ఒకటి యని మొదలుపెట్టి, అది మరల క్రిందికి వచ్చులోపల ప్రిన్సెస్‌కైన నాలుగు ఊర్పులు వినబడవలెను. ఐదు వినబడిన అంకె నొక దిక్కునకు, మూడు వినబడిన మరియొక దిక్కునకు మార్చి, మరల నడిపి చూడవలెను. ఒకరు చుక్కను చూచుచు, ఇంకొకరు కన్నులు మూసికొని ఊర్పులను లెక్కపెట్టుచున్నచో ఈ పని అరగంటలో ముగియును.